కుంటికోడి అడుగు

హార్లెం, న్యూయార్క్
1978 మార్చి 6

ఒరే హోజియా,

మేమిద్దరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావో నోటితో చెప్పవు, చేత్తో రాయవు గనక బాగున్నావనే అనుకుంటున్నాను. క్రిస్మస్ కార్డు మీద నా పేరు కూడా మీ అక్క ఇడెల్లాయే రాసేస్తుంది కాబట్టి నా చేతిరాత నువ్వు చూసి ముప్ఫై ఏళ్ళయింది. ఇదిగో చూడు, ఇప్పటికీ కోడి కెలికినట్టే ఉంది.

నాలుగుసార్లు ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. "మా తమ్ముడు చర్చికి పోయుంటాడులే" అంది మీ అక్క. మంగళవారం పొద్దున పదింటికి ఏ చర్చిరా?

సంగతేమిటంటే, పోయిన వారం కోరిన్ మాడక్స్ అనే పిల్ల మా ఇంటికొచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. భుజాన టేప్‌రికార్డరు, కాళ్ళకి మనలాగే అడుగున రేకులు కొట్టిన ట్యాప్ డాన్సు బూట్లు. ఆ బూట్లతోనే నాలుగంతస్తుల మెట్లూ ఎక్కింది. రేకుల చప్పుడు విని మన పాతవాళ్ళెవరో వస్తున్నారనుకుని గుండె ఎగిరినంత పనైంది. తలుపు తీస్తే ఈ పిల్ల. "టాలివర్ అండ్ క్రెన్షా జంటలో టాలివర్ మీరేనా?" అనడిగింది. నా పేరూ నీ పేరూ అలా పక్కపక్కన పెట్టి ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో! లోపలికి రమ్మని మొక్కజొన్న రొట్టె పెట్టాం. మొత్తం తినేసింది. మంచి పిల్ల.

ట్యాప్ చచ్చిపోయిందని మనం చేతులు కడిగేసుకున్నామా, ఈ పిల్లలు మాత్రం బతికున్న ముసలాళ్ళని వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతున్నారు. జూన్ 11 ఆదివారం మధ్యాహ్నం మా వీధి చర్చి హాల్లో ప్రదర్శన పెడుతోంది. మన జంటకి ఎనిమిది నిమిషాలు. తను అడిగింది ఒక్కటే, "వీపుల పోట్లాట".

అది ఫిల్మ్‌లో లేదు, కాగితం మీద లేదు. నీ కాళ్ళలో సగం, నా కాళ్ళలో సగం ఉంది. వీపులు తిప్పుకుని నిలబడి, ఒకడి మొహం ఒకడు చూడకుండా, వెనకాల చప్పుడు విని జవాబు చెప్పుకుంటూ మనం కాళ్ళతో తిట్టుకుంటుంటే జనం కుర్చీల్లోంచి జారిపడేవాళ్ళు, గుర్తుందా? ఇప్పుడు ఆడకపోతే మనతోపాటే మట్టిలో కలుస్తుంది. నాకు అరవై ఆరు, నీకు అరవై మూడు. ఇంకెప్పుడు?

నీకు కోపం ఉందని తెలుసు. నాలుగేళ్ళ కిందట మీ అమ్మ అంత్యక్రియల్లో వెనకనుంచి పేరు పెట్టి రెండుసార్లు పిలిచాను. తల కూడా తిప్పలేదు నువ్వు. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని తెలిసీ ఊదుతున్నాను. రా.

నీ బావ,
ఆంబ్రోజ్

~

ఫిలడెల్ఫియా
మార్చి 12

బావా,

నీ ఉత్తరం అందింది. చదవడానికి ఒక పూట పట్టింది. ఫోన్ పాడైంది, బాగుచేయించలేదు. నాకెవరు చేస్తారు గనక.

నేను రాను. మోకాళ్ళు పోయాయి. ఎడమది వాన వస్తుందని ముందురోజే చెబుతుంది, కుడిది వచ్చాక చెబుతుంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. బూట్లు ఎప్పుడో అమ్మేశాను. పైగా ఆ ఆదివారం మా చర్చిలో వంట నా వంతు. "ఆడలేక మద్దెల ఓడన్నాడు" అని నువ్వంటావు, నాకు తెలుసు. అనుకో.

ఇంకో కారణం ఉంది. అది నీ ఉత్తరంలో కనబడుతుందేమోనని రెండుసార్లు వెతికాను. 1948, చికాగో. నాకు జ్వరమొచ్చి హోటల్లో పడుకుంటే నువ్వొక్కడివే స్టేజీ ఎక్కావు. ఎక్కితే ఎక్కావు, నీ అడుగులు నువ్వు ఆడుకోక నా కుంటికోడిని ఆడావు. మా అమ్మమ్మ పెరట్లో కుంటుకుంటూ తిరిగే కోడిని పదేళ్ళ వయసులో ఒక వేసవంతా చూసి చూసి కట్టుకున్న అడుగది. "టిక్ టిక్ టిక్, జర్ర్..." అని కాలీడ్చి, ఒక్క దెబ్బ పడేంతసేపు ఊపిరి బిగబట్టి, "డబ్ డబ్". మర్నాడు మంచంలో పేపరు విప్పితే "టాలివర్ గారి అద్భుతమైన కుంటికోడి" అని ఉంది. టాలివర్ గారిదట!

మనవాళ్ళలో ఉన్నది ఒకే ఒక్క చట్టం. ఒకడి అడుగు ఇంకొకడు తీసుకోవచ్చు. అది తప్పు కాదు, మెచ్చుకున్నట్టే. కానీ తీసుకున్నవాడు ఎక్కడో ఒకచోట మార్చాలి. మడమ చోట మునివేళ్ళు పెట్టు, ఒక దెబ్బ కలుపు, ఒకటి తీసెయ్, నీదంటూ ఏదో ఒకటి కలుపు. ఉన్నదున్నట్టు ఎత్తుకుపోతే దొంగ. నువ్వు వీసమెత్తు మార్చలేదు. అడిగితే "నీదా? నాదే అనుకున్నానే" అన్నావు.

ముందు దొంగిలించానని ఒప్పుకో. తర్వాత మాట్లాడదాం.

అక్కని అడిగానని చెప్పు.

హోజియా

~

హార్లెం
మార్చి 20

ఒరే బామ్మర్దీ,

కోడి కుంటడం నువ్వు కనిపెట్టావా? లోకంలో ఇంకే కోడికీ కాలు విరగలేదా? మా ఊళ్ళోనూ కోళ్ళుండేవి. అవీ కుంటేవి. అయినా ముప్ఫై ఏళ్ళనాటి సంగతి ఇప్పుడెందుకు తవ్వడం? (మీ అక్క నా భుజం మీదనుంచి ఇది చదివి, "తాడిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట" అని వంటింట్లోకి పోయింది. ఈ ఇంట్లో నా పక్షాన ఎవరూ లేరు.)

కోరిన్ మళ్ళీ వచ్చింది. టేపు నొక్కి, "అసలీ ట్యాప్ ఎక్కడ పుట్టింది తాతగారూ?" అంది. ఆ మరనీ, దాని ఎర్ర దీపాన్నీ చూడగానే నాకు ఊపొచ్చింది. మా ముత్తాత ఒక రైల్వే వంతెన మీద మండుతున్న ఇనుముకి కాలు తగిలి ఎగిరాడనీ, ఆ ఎగరడంలోంచే పుట్టిందనీ చెప్పేశాను. పిల్ల అంతా రాసుకుంది. ఇప్పుడేమో నిద్రలో దేవుడు కనబడి "నిజం చెప్పరా" అంటున్నాడు. నీకు ఇలాంటివి బాగా తెలుసు. మీ అమ్మమ్మ చెప్పేది కదా, రాసి పంపు.

ఇంకొకటి. నువ్వు రానంటే నీ వంతు మీ అక్క ఆడుతుందట! నిజంగా. అరవై ఐదేళ్ళ మనిషి పొయ్యి ముందు నిలబడి "తమ్ముడు ఇలా కదూ ఆడేవాడు" అంటూ గెంతుతోంది. కింద అంతస్తు ఆవిడ చీపురు కర్రతో సీలింగు పొడుస్తోంది. పరువు దక్కాలంటే నువ్వు రా. లేదంటే కనీసం నీ సగం అడుగులు దెబ్బ దెబ్బా రాసి పంపు. మీ అక్కకి నేర్పుకుంటాను.

ఆంబ్రోజ్

~

ఫిలడెల్ఫియా
ఏప్రిల్ 2

బావా,

ఈస్టర్ బాగా జరిగింది. అక్క పంపిన టోపీ సరిపోయింది.

దేవుడి చేత తిట్లు తినకుండా ఉండాలంటే ఆ పిల్లకి ఇది చెప్పు. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మ చెప్పింది. బానిసలుగా ఉన్నప్పుడు కరోలినాలో దొరలు మనవాళ్ళ దగ్గర డప్పులు లాగేసుకున్నారు. డప్పు మోగితే ఒక తోటనుంచి ఇంకో తోటకి కబురు పోతుందనీ, తిరగబడతారనీ వాళ్ళ భయం. చేతిలో ఉన్నది లాక్కోగలరు గానీ ఒంట్లో ఉన్నది లాక్కోలేరు కదా. మడమలు డప్పులయ్యాయి, కొట్టం నేల డప్పు చర్మమైంది. తర్వాత ఊళ్ళకొచ్చాక, పక్క సందులో ఐరిష్ వాళ్ళు కొయ్యబూట్లతో ఆడుతుంటే మనవాళ్ళు చూశారు, మనవాళ్ళు ఆడుతుంటే వాళ్ళు చూశారు. ఎవరి దగ్గర ఎవరు తీసుకున్నారో ఇప్పుడు తేల్చలేం. కానీ ఎవడూ ఉన్నదున్నట్టు తీసుకోలేదు. మార్చుకుంటూ పోయారు, అందుకే ఇన్నాళ్ళు బతికింది. ఈ చివరి ముక్క ఎవరికోసం రాశానో నీకు తెలుసు.

ఆ తర్వాత కథ నీకూ తెలుసు. థియేటర్లు సినిమాహాళ్ళయ్యాయి, కొత్త సంగీతం వచ్చింది, మన బూట్లకి పని లేకుండా పోయింది. నువ్వు లిఫ్టు తిప్పావు, నేను ఓడల యార్డులో ఇరవై రెండేళ్ళు రివెట్లు కొట్టాను. ఇనప పొట్టలో కూర్చుని రోజంతా ఢామ్ ఢామ్ ఢామ్. మొదట్లో ఆ సుత్తి లయకి కూడా అడుగేసేవాణ్ణి. ఫోర్‌మన్ తిట్టేవాడు.

అక్క కోసం నా సగం రాస్తున్నాను. కుడి మడమ రెండు, ఎడమ మునివేలు ఒకటి, కుడికి తిరిగి జర్ర్, ఎడమ మడమ మూడు, మళ్ళీ కుడికి తిరిగి డబ్.

పొయ్యికి దూరంగా నిలబడమను.

హోజియా

~

హార్లెం
ఏప్రిల్ 15

దొంగ బామ్మర్దీ,

నువ్వు రాసింది రాసినట్టు ఆడాం. మూడోసారి తిరిగేసరికి మీ అక్క ఐస్‌పెట్టెని కావలించుకుంది, నేను తలుపు గొళ్ళెం పట్టుకున్నాను. ఆమె కిందకూర్చుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మా తమ్ముడు మీకు అబద్ధపు అడుగు పంపాడండీ" అంది. అప్పుడు వెలిగింది నాకు. ఇంకొకడు చూస్తున్నాడంటే అసలు అడుగు చూపించకుండా వంకరగా ఆడేవాళ్ళం కదా! సందు మొగలో ఎవడైనా నిలబడితే చాలు, కాళ్ళు వాటంతటవే అబద్ధాలాడేవి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ముసలాడివై ఉత్తరంలో కూడా అబద్ధమాడావంటే నీలో ఇంకా ఆటగాడు చావలేదు. చాలా సంతోషమేసింది.

సరే, నేను అబద్ధం ఆడనని రుజువు చూపిస్తాను. కోరిన్ తన మర ఇచ్చి వెళ్ళింది. వంటింటి చెక్క మీద నా సగం మొత్తం ఆడి క్యాసెట్ పట్టాను. ఈ పొట్లంలో ఉంది. మీ పక్కింటివాళ్ళ దగ్గర మర ఉందని మీ అక్క చెప్పింది, పెట్టుకుని విను. ఎక్కడ తుప్పు పట్టానో మొహమాటపడకుండా చెప్పు. నా ఆట గురించి నిజం చెప్పగల చెవులు లోకంలో నీవి రెండే. ఇది ముఖస్తుతి కాదు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, అంతే.

డ్రమ్మర్ లేకుండా ఆడుతుంటే నీ చప్పుడు కోసం వెనక్కి చెవి పోతోంది. బాధగా ఉందిరా.

ఆంబ్రోజ్

~

ఫిలడెల్ఫియా
ఏప్రిల్ 27

బావా,

క్యాసెట్ విన్నాను. పక్కింటి మిసెస్ గ్రైమ్స్ కూడా విని చాలా ముచ్చటపడింది.

నిజం చెప్పమన్నావు గనక చెబుతున్నాను. నీ ఎడమ మడమ ఎప్పటిలాగే అరక్షణం ఆలస్యం. 1938లో బాల్టిమోర్‌లోనూ అంతే. మధ్యలో తొందరపడ్డావు. చివర్లో మాత్రం బాగా కూడదీసుకున్నావు. మొత్తమ్మీద తుప్పేమీ పట్టలేదు. నీ వయసుకి గట్టిగానే ఉంది.

ఇంత బాగా ఆడుతున్నావు గనక నువ్వొక్కడివే ఆడు. లేదా అక్కతో ఆడు. నా మోకాలికి చలి ఇంకా వదల్లేదు.

హోజియా

~

హార్లెం
మే 3

హోజియా,

ఆ క్యాసెట్‌లో నా ఆట లేదు.

మీ అక్క పొట్లం కట్టేటప్పుడు పొరపాటున ఇంకొకటి పెట్టింది. నాది ఇక్కడే పంచదార డబ్బా వెనక దొరికింది. నీకు వచ్చింది మా పాస్టరుగారి ప్రసంగం. నలభై నిమిషాలు, నోవహు ఓడ గురించి. మిసెస్ గ్రైమ్స్ ముచ్చటపడిందంటే పడే ఉంటుంది, ఆయన బాగా చెబుతాడు. కానీ ఆయన ఎడమ మడమ సంగతి నీకెలా తెలిసిందిరా?

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. తర్వాత మీ అక్క నవ్వడం లేదని చూశాను. అప్పుడు కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఎత్తని ఫోన్. ఓడల యార్డులో ఇరవై రెండేళ్ళ సుత్తి మోత. మీ అమ్మ అంత్యక్రియల్లో నేను వెనకనుంచి పిలవడం, నువ్వు తిరక్కపోవడం. అది పొగరనుకుని నాలుగేళ్ళు నిన్ను తిట్టుకున్నాను. మొదటి ఉత్తరంలో శంఖం సామెత కూడా రాశాను. నా చెయ్యి పడిపోను.

నిన్ను అడగను. నువ్వు చెప్పాలనుకుంటే చెప్పు. కానీ నేను దాచింది ముందు నేను చెబుతాను, అప్పుడు నీకు తేలికవుతుంది.

కుంటికోడి నీదే. నేను దొంగిలించాను. ఆ రాత్రి నువ్వు పక్కన లేకుండా స్టేజీ ఎక్కితే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. జనం కదలడం లేదు. అప్పుడు కాళ్ళు వాటంతటవే నీ అడుగులోకి పోయాయి. మార్చాలని తెలుసు. అప్పటికే వారం రోజులుగా హోటల్ గదిలో చాటుగా మార్చి చూశాను కూడా. దెబ్బ కలిపితే చెడింది, తీస్తే చెడింది. మార్చడానికి నాకేమీ దొరకలేదు హోజియా. అది అంత బాగుంది. "నీకంటే బాగా నేను చెయ్యలేను" అని నీతో చెప్పాల్సింది పోయి "నాదే అనుకున్నా" అన్నాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ముప్ఫై ఏళ్ళూ కోళ్ళ గురించి వాదించాను. అసూయ. అదే దాని పేరు.

క్షమించు.

ఆంబ్రోజ్

~

ఫిలడెల్ఫియా
మే 9

బావా,

ముప్ఫై ఏళ్ళు ఆ ఒక్క ముక్క కోసం కాచుకున్నాను. వచ్చింది. తీరా వచ్చాక గెలిచానని అనిపించలేదు. అందరూ నిద్రపోయాక వచ్చిన రైల్లా ఉంది. అయినా రైలు రైలే. క్షమించాను, పో.

నా సంగతి. ఏడేళ్ళయింది. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత ఫోను పోయింది, తర్వాత వంట చేస్తుంటే నూనె చిటపటలు. ఇప్పుడు ఏదీ లేదు. పక్కనే లారీ వెళితే నేల వణికినట్టు తెలుస్తుంది, అంతే. చర్చిలో అందరి నోళ్ళూ చూసి నోరు కదుపుతాను. పాట అయిపోయాక కూడా ఒకసారి కదిపానట, పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మిసెస్ గ్రైమ్స్‌కి తెలుసు. ఆవిడ క్యాసెట్ విని, "బాగుంది, చాలా బాగుంది" అని కాగితం మీద రాసింది. ఏం విందో నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. చూడు మా ఇద్దరి తెలివి!

ఎందుకు దాచానని అడుగుతావు. గుడ్డి దర్జీ ఉంటే జాలిపడతారు. చెవిటి ట్యాప్ వాడంటే నవ్వుతారు. మన ఆట చూసేది కాదు, వినేది. మోకాళ్ళు పోయాయంటే పరువుగా ఉంటుంది. నా మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. బూట్లు కూడా అమ్మలేదు, మంచం కింద పెట్టెలో ఉన్నాయి. నెలకోసారి రేకులకి నూనె రాస్తాను. చప్పుడే వినబడనివాడికి నూనె ఎందుకని నన్ను నేనే తిట్టుకుంటాను.

వేరే ఏదైనా అడుగు బావా, ఆడతాను. కానీ వీపుల పోట్లాట! ఒకడికొకడు కనబడకుండా వెనకాల చప్పుడు విని జవాబివ్వడమే దాని ప్రాణం. నువ్వు వెనకనుంచి తిడితే నాకెలా తెలుస్తుంది? నీ ప్రశ్న ఒకటి, నా జవాబు ఒకటి అయ్యి జనం ముందు నవ్వులపాలవుతాం. నాకు నవ్వులపాలవడం అలవాటే. నిన్ను చెయ్యలేను.

అక్కకి చెప్పేసి ఉంటావు. ఏడవొద్దని చెప్పు.

హోజియా

~

హార్లెం
మే 14

తమ్ముడూ,

ఉత్తరాలు మీ బావే రాస్తున్నాడు గానీ ఇది నేను రాస్తున్నాను. ఏడవలేదు. ఒక్క పూట ఏడ్చాను, తర్వాత పని ఉంది.

నా వంటిల్లు నీకు తెలుసు. ఇద్దరం పడితే మూడోది పిల్లి కూడా పట్టదు. పైగా నేను లావయ్యాను. వీపులు తిప్పుకుని నిలబడితే, స్టేజీ మీద మీరిద్దరూ మధ్యలో వదిలే మూరెడు దూరం ఎక్కణ్ణుంచి వస్తుంది? మీ బావ వీపూ నా వీపూ అతుక్కునే ఆడుతున్నాం రెండు నెలలుగా. నీ ఉత్తరం చదివాక నాకొకటి తోచింది. రెండు చెవుల్లోనూ దూది కుక్కుకున్నాను, పైన మఫ్లరు చుట్టుకున్నాను, కళ్ళు మూసుకున్నాను. "ఇక కానివ్వండి" అన్నాను.

ఒరేయ్, తెలుస్తుందిరా! ఎడమ మడమ వేస్తే ఆయన వీపులో ఎడమ పక్క కదులుతుంది. కుడిది వేస్తే కుడి పక్క. మునివేళ్ళయితే పైన భుజం దగ్గర, మడమయితే కింద నడుం దగ్గర. చెక్కలోంచి అరికాలికి ఒకసారి, వీపులోంచి ఒకసారి, రెండుసార్లు చేరుతుంది కబురు. పన్నెండింట్లో రెండే తప్పాను. ఆటే రాని దాన్ని, నేనే రెండు తప్పితే నువ్వెన్ని తప్పుతావు?

కింద ఆవిడ చీపురు కర్రతో పైకొచ్చింది. మేమిద్దరం వీపులు అతికించుకుని, నేను మఫ్లరుతో ఉండడం చూసి, కాస్త మజ్జిగ అడిగినట్టు అడిగి వెళ్ళిపోయింది.

మూరెడు దూరం పెట్టుకుని మీరిద్దరూ ముప్ఫై ఏళ్ళు గడిపింది చాలు. వచ్చి వీపు ఆనించు.

ఇడెల్లా

(హోజియా, నాది ఒక్క ముక్క. నవ్వులపాలవుతామంటావా, ఇద్దరం కలిసే అవుదాం. నువ్వు లేకుండా నాకొచ్చిన చప్పట్లు ఏనాడూ నాకు ఒంటబట్టలేదు. ఆంబ్రోజ్)

~

ఫిలడెల్ఫియా
మే 20

బావా,

హాలు నేల ఏమిటి? చెక్కేనా? చెక్క కింద ఖాళీ ఉందా, సిమెంటుందా? పైన లినోలియం షీటు గానీ పరిచి ఉంటే ఆ పిల్లని పీకించెయ్యమను. కింద ఖాళీ లేకపోతే నేను రైలెక్కను.

ఉంటే, మూడో తారీకు శనివారం మధ్యాహ్నం రైలు. స్టేషనులో వెనకనుంచి పిలవకు.

అక్కని రొట్టె ఇనప పెనంలోనే కాల్చమను.

హోజియా

~

ఫిలడెల్ఫియా
జూన్ 15

బావా,

క్షేమంగా చేరాను. అక్క కట్టిన కోడి వేపుడు ట్రెంటన్ దాటకముందే అయిపోయింది. మిసెస్ గ్రైమ్స్ గుమ్మంలోనే కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడింది. మొత్తం చెప్పేదాకా లోపలికి పోనివ్వలేదు.

నువ్వు పక్కనే ఉన్నావు గదా, మళ్ళీ ఎందుకు రాయడం అనుకోకు. నీ వైపునుంచి నీకు తెలుసు. నా వైపునుంచి ఎలా ఉందో చెప్పాలి. అక్కడ చెప్పడానికి నోరు రాలేదు.

తెర లేచింది. తర్వాత నీ వీపు తగిలింది. బావా, నువ్వు చాలా చిక్కిపోయావు. వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు. అయితే ఒకందుకు మంచిదే, కబురు స్పష్టంగా వచ్చింది. నువ్వు మొదటి తిట్టు తిట్టగానే నాకు నడుం దగ్గర గిలిగింతలు పెట్టినట్టయి జవాబు దానంతటదే వచ్చేసింది. ముందు వరసలో అక్క నోరు తెరుచుకుని ఉండడం చూసి నవ్వుతోందని తెలిసింది. మధ్యలో నేనొకటి తప్పాను. నువ్వు వెంటనే నా తప్పుకి తగ్గట్టు ఇంకో తప్పు చేసి దాన్ని ఆటలో కలిపేశావు. కోరిన్ అదే అన్నిటికంటే గొప్ప చోటని కాగితం మీద రాసి చూపించింది. చెప్పకు, అలాగే అనుకోనీ.

ఇక అసలు సంగతి. చివర్లో నువ్వు కుంటికోడి మొదలెట్టావు. మనం అనుకోనిది. టిక్ టిక్ టిక్ అని వీపుకి తగిలేసరికి "మళ్ళీ దొంగిలిస్తున్నాడు ముసలాడు, అదీ నా వీపు మీదే!" అని రక్తం పొంగింది. జర్ర్ అన్నావు. ఒక్క దెబ్బ ఊపిరి బిగబట్టాలి. బిగబట్టాను. తర్వాత రావాలి డబ్ డబ్. రాలేదు.

రెండో దెబ్బ పడాల్సిన వేళ కూడా ఖాళీగా పోయింది. నీ వీపు రాయిలా ఉంది. మర్చిపోయాడనుకున్నాను. పోయాడేమోనని కూడా అనుకున్నాను, నీ మీద ఒట్టు. హాలువైపు చూశాను. మూడొందలమంది కళ్ళప్పగించి, కదలకుండా కూర్చున్నారు. ఎవరికీ ఏమీ వినబడటం లేదు. బావా, ఏడేళ్ళలో మొదటిసారి హాలంతా నాలాగే ఉంది. నేను విన్నదే వాళ్ళూ విన్నారు. వాళ్ళు విన్నదే నేనూ విన్నాను.

అప్పుడొచ్చింది, డబ్ డబ్. నీ మడమలు నా వెన్నులోంచి నడినెత్తికెక్కాయి. వాళ్ళంతా ఒక్కసారి లేచారు. నేల ఊగింది.

రైల్లో కూర్చున్నాక గానీ నాకు వెలగలేదు. నువ్వు మరిచిపోలేదు. మార్చావు. ముప్ఫై ఏళ్ళు వెతికి ఒక ఖాళీ దెబ్బ కలిపావు. ఇప్పుడది చట్టప్రకారం నీదే. పేపరువాళ్ళు "టాలివర్ గారి కుంటికోడి" అని రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

చాలా బాగుంది బావా. నాదానికంటే బాగుంది.

అందుకే దొంగిలిస్తున్నాను. నిన్న సాయంత్రం వంటింట్లో బూట్లు వేసుకుని మొదలుపెట్టాను, మిసెస్ గ్రైమ్స్ గోడకి చెయ్యి ఆనించి లెక్కపెడుతోంది. భయపడకు, మార్చే తీసుకుంటాను. ఇంకా ఏమీ దొరకలేదు. దొరికేదాకా నువ్వు చావడానికి వీల్లేదు, వచ్చి నీ వీపు మీద వినిపించాలి.

నీ బామ్మర్ది,
హోజియా